వైజాగ్‌లో అద్దె కారు: తాళాలు చేతికి తీసుకునే ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

పోయిన డిసెంబర్‌లో మా అక్కా బావా పిల్లలతో హైదరాబాద్ నుంచి వచ్చారు, అరకు చూద్దామని. అందరం కలిసి ఏడుగురం. ఏడు సీట్ల బండి ఒకటి సెల్ఫ్ డ్రైవ్‌కి బుక్ చేశాను, ఫొటోలో తెల్లగా మెరిసిపోతోంది. తీరా పొద్దున్నే రైల్వే స్టేషన్ బయట ఒక కుర్రాడు తాళాలు చేతిలో పెట్టి, బైక్ ఎక్కి వెళ్లిపోయాక డిక్కీ తీసి చూస్తే, మూడో వరస సీట్లు నిలబెట్టాక మిగిలిన చోటు ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె పట్టేంత. బ్యాగులు ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకి కాలిన వాసన. క్లచ్ ప్లేటు. అనంతగిరి దగ్గర మంచు కమ్మేసింది, వైపర్ వేస్తే అద్దం తుడవడం మానేసి గీతలు గీసింది. వెనక సీట్లోంచి మా అక్క "ఈ డబ్బులకి డ్రైవర్‌తో సహా బండి వచ్చేది కదరా" అని అరకు దాకా అంటూనే ఉంది.

తప్పు సగం బండి ఇచ్చినవాళ్లది, సగం నాది. ఎందుకంటే ఆ మూడూ, డిక్కీ, క్లచ్, వైపర్, స్టేషన్ దగ్గరే పది నిమిషాల్లో తెలిసిపోయేవి. చూడలేదు, అంతే. ఆ తర్వాత నాలుగైదు సార్లు అద్దె బండి తీసుకున్నాను, చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ తీసిపెట్టాను. ఇప్పుడు ఎలా చేస్తున్నానో చెప్తాను, మీరూ అలాగే చేయండి.

ముందు, బండి గురించి జనం రాసింది ఎలా చదవాలి

అద్దె కారు మీద జనం చెప్పే అభిప్రాయాలు చదివితే అన్నీ తిట్లే కనిపిస్తాయి. కంగారు పడకండి, వాటిని మూడు కుప్పలుగా వేరు చేయండి.

ఒకటి, ఆ మోడల్‌కే ఉన్న గుణం. ఎర్టిగాలో మూడు వరసలూ వాడితే డిక్కీ 209 లీటర్లే, అది ఎవరి దగ్గర తీసుకున్నా 209 లీటర్లే, మీరు ఎంత బతిమాలినా పెరగదు. సీఎన్‌జీ బండి అయితే చాలా మోడళ్లలో సిలిండర్ డిక్కీని చాలావరకు తినేస్తుంది. ఇలాంటివి బండి చూడక్కర్లేదు, ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు.

రెండోది, ఆ ఒక్క బండికి ఉన్న జబ్బు. అరిగిపోయిన టైర్లు, చల్లబడని ఏసీ, సిగరెట్ కంపు కొట్టే సీట్లు, సగం దారిలో ఆగిపోయే బ్లూటూత్. తిట్లలో ఎక్కువ ఇవే, కానీ జనం రాసేటప్పుడు "ఫలానా మోడల్ వేస్ట్" అని రాస్తారు. పాపం ఆ మోడల్ ఏం చేసింది? అదే మోడల్ కొత్తది ఇస్తే మీకు స్వర్గంలా ఉండొచ్చు. అందుకే "ఆ కారు బాగుంటుందా" అని అడగడం వల్ల లాభం లేదు, మీ ముందుకు వచ్చిన ఈ కారు ఎలా ఉంది అనేదే అసలు సంగతి. నేను చెప్పేదంతా దీని గురించే.

మూడోది మనుషుల గురించి. డిపాజిట్ తిరిగి ఇవ్వలేదు, పాత గీతకి డబ్బులు కోశారు, ఫోన్ ఎత్తలేదు. ఈ రకం ఫిర్యాదు ఒకే చోట నాలుగైదు కనిపిస్తే ఆ దుకాణం వైపు వెళ్లకండి, బండి ఎంత కొత్తదైనా సరే.

ఎక్కడికి వెళ్తున్నారో తేల్చుకుని, తర్వాత బండి తేల్చుకోండి

మనవాళ్లు తలకిందులుగా చేస్తారు. ముందు కారు నచ్చుతుంది, తర్వాత దాంతో కొండ ఎక్కుతారు.

ఊళ్లో తిరగడానికి, ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా వెళ్లి రావడానికి ఏ చిన్న బండి అయినా చాలు. రోడ్డు చదును, ఒక వైపు దూరం ముప్పై కిలోమీటర్ల లోపే, పార్కింగ్‌కి చిన్నదే సుఖం కూడా. హైవే ఎక్కి ఇటు అన్నవరమో అటు శ్రీకాకుళమో వెళ్లాలన్నా ఫర్వాలేదు.

అరకు, లంబసింగి వేరే లెక్క. అరకు ఇక్కడి నుంచి సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా మామూలు రోడ్డే, అక్కడి నుంచి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకి మలుపు మీద మలుపు తిరుగుతూ ఎక్కాలి. వెయ్యి సీసీ ఇంజన్ బండిలో నలుగురు పెద్దవాళ్లు, సామాను, ఏసీ ఫుల్లు, ఇవన్నీ కలిస్తే రెండో గేరులో కూడా మూలుగుతుంది. ఎక్కదని కాదు, ఎక్కుతుంది, కానీ మీ ప్రాణం తీసి ఎక్కుతుంది. ముగ్గురికి మించి ఉంటే 1200 సీసీ పైనది చూసుకోండి.

"ఆటోమేటిక్" అని రాసి ఉంటే ఏ ఆటోమేటిక్ అని అడగండి. తక్కువ ధర బండ్లలో చాలావాటికి ఉండేది ఏఎంటీ, అంటే మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు మోటారు చేస్తుంది. ఊళ్లో ట్రాఫిక్‌కి హాయి. ఘాట్ మీద గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం తెగినట్టు అవుతుంది, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలితే కొద్దిగా వెనక్కి జారుతుంది కూడా, హిల్ హోల్డ్ (ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచేది) లేకపోతే. తెలియనివాళ్లు బండి పాడైందనుకుని భయపడతారు. పాడవలేదు, దాని తీరే అంత. కొండ మీద మాన్యువల్ మోడ్‌లోకి మార్చుకుని మీరే గేరు పట్టుకోండి.

సన్‌రూఫ్ కోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. వైజాగ్ ఎండకి, ఈ ఉక్కపోతకి అది తెరిచేది ఫొటో కోసం రెండు నిమిషాలు. పిల్లల్ని అందులోంచి నిలబెట్టే సరదా మాత్రం అస్సలు వద్దు. ఆ డబ్బులు వెనక సీటుకి ఏసీ గాలి వచ్చే బండికి పెడితే వెనక కూర్చున్న పెద్దవాళ్లు దీవిస్తారు.

ఒక మాట. ఘాట్ మీద ఎప్పుడూ నడపని వాళ్లు మొదటిసారి అద్దె బండి మీద నేర్చుకోకండి. అసలే తెలియని రోడ్డు, పైగా తెలియని బ్రేకు. పొద్దున అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి, 2017 నుంచి దానికి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉంది, సొరంగాలన్నీ చూసుకుంటూ వెళ్లి, పైన ఒక జీపు మాట్లాడుకోండి. కారు ఊళ్లో తిరగడానికి తీసుకోండి.

బుక్ చేసే ముందు వాట్సాప్‌లో అడగాల్సినవి

ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత అదే విషయం మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాటకి తర్వాత "నేను అలా అనలేదు సార్" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

మొట్టమొదట నంబర్ ప్లేటు ఏ రంగు అని అడగండి. సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు అంటే డ్రైవర్‌తో నడిచే ట్యాక్సీ. తెల్ల ప్లేటు అంటే ఎవరిదో సొంత బండి. తెల్ల ప్లేటు బండ్లు తక్కువకి ఇస్తారు, కొత్తగా కూడా ఉంటాయి, ఆశ పుడుతుంది. కానీ సొంత వాడకానికి రిజిస్టర్ అయిన బండిని అద్దెకి తిప్పితే పాలసీ షరతు తప్పినట్టే, ఏదైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు. అప్పుడు బండి ఓనరు చూసేది మీ వైపే. "మా ఫ్రెండ్ బండి అని చెప్పండి సార్, ఎవరూ అడగరు" అంటాడు. ఆ మాట అన్నాడంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

రెండోది, బండి నంబర్. మోడల్ కాదు, నంబర్. చాలామంది "ఆ టైమ్‌కి ఏది ఉంటే అది, అలాంటిదే ఇస్తాం" అంటారు. కనీసం ముందు రోజు సాయంత్రానికైనా నంబర్ పంపమనండి. నంబర్ వచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. యాప్ కూడా అక్కర్లేని చిట్కా ఒకటి ఉంది మన దగ్గర. 2019లో జిల్లా కోడ్‌లు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ పెట్టారు కదా, కాబట్టి ప్లేటు మీద విశాఖ పాత కోడ్ ఏపీ 31 కనిపిస్తే ఆ బండి అంతకు ముందుది. "రెండేళ్ల బండి సార్" అన్నవాడు ఏపీ 31 తెచ్చి నిలబెడితే నవ్వేసి ఊరుకోకండి, ధర తగ్గించమనండి.

కిలోమీటర్ల లిమిట్ లెక్క కాగితం మీద వేసుకోండి. రోజుకి 250 అని ఉందనుకోండి, అరకు పోయి రావడానికే 230 అవుతుంది, మధ్యలో బొర్రా గుహలకి తిరిగి, పైన కాఫీ తోటలూ జలపాతాలూ చూసి, ఇంటికొచ్చి రాత్రి బీచ్‌కి వెళ్తే దాటిపోతారు. దాటాక కిలోమీటరుకి ఎంత అనేది ముందే రాయించుకోండి. డిపాజిట్ ఎంత, ఏ దారిలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో. పంక్చర్ ఎవరిది. గంట ఆలస్యమైతే ఎంత. ఫాస్టాగ్‌లో డబ్బులు ఎవరు వేయాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు.

ఇంకోటి చెప్పడం మరిచాను, స్పీడ్ గవర్నర్. వాణిజ్య రిజిస్ట్రేషన్ బండ్లలో చాలావాటికి గంటకి 80 దగ్గర కట్టేస్తారు. హైవే మీద లారీని దాటబోతుంటే సగంలో బండి ఊపిరి తీసుకోవడం మానేసినట్టు అవుతుంది. దీని గురించి తిట్టేవాళ్లు చాలామంది. ఉందా లేదా ముందే అడగండి, ఉంటే దాటే ముందు లెక్క చూసుకోండి. 80 దాటగానే టింగ్ టింగ్ మనే చప్పుడు వేరు, అది 2019 జూలై తర్వాత తయారైన కార్లన్నిటికీ ఉండేదే, దానికి బండిని తిట్టకండి.

తాళాలు తీసుకునే పది నిమిషాలు (నిజానికి ఇరవై)

వెలుతురు ఉన్నప్పుడే తీసుకోండి. రాత్రి పదకొండింటికి స్టేషన్ బయట పసుపు లైటు కింద ఏ గీతా కనిపించదు. పొద్దున నాలుగింటికి లంబసింగి బయల్దేరాలంటే ముందు రోజు సాయంత్రమే బండి తెచ్చుకోండి, ఒక పూట అద్దె ఎక్కువైనా సరే.

బండి తెచ్చిన కుర్రాడు తొందర పెడతాడు. వాడి తప్పు కాదు, ఇంకో బండి ఇంకో చోట ఇవ్వాలి. "తమ్ముడూ, టీ తాగు, ఇరవై నిమిషాలు" అని టీ చెప్పండి. నిజంగా చెప్తున్నాను, ఈ టీ పది రూపాయలే కానీ డిపాజిట్ కాపాడుతుంది.

వీడియో తీయండి. ముందు నంబర్ ప్లేటు, అక్కడి నుంచి ఆపకుండా చుట్టూ. బంపర్ కింది అంచులు, అద్దాల కొనలు, చక్రాల రిమ్ములు, ముందద్దం మీద చిన్న రాయి దెబ్బలు. ఏదైనా కనిపిస్తే నోటితో చెప్పండి, "ఎడమ వెనక తలుపు కింద సొట్ట ఉంది" అని, కుర్రాడికీ చూపించండి, వాడి గొంతు కూడా వీడియోలో పడాలి. అయ్యాక అక్కడే నిలబడి ఓనరు వాట్సాప్‌కి పంపేయండి. ఫోన్‌లో ఉంచుకుంటే సాక్ష్యం, పంపేస్తే ఒప్పుకోలు.

తర్వాత టైర్ల దగ్గర కూర్చోండి. గొంతుకూర్చుని మరీ చూడాలి, నిలబడి చూస్తే అన్ని టైర్లూ నల్లగానే ఉంటాయి. మొన్న ఒక బండికి ముందు రెండూ కొత్తవే, వెనక కుడి టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత, కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు కనిపించాయి, 2317. అంటే 2017లో 23వ వారంలో తయారైంది. గాడులు లోతుగానే ఉన్నాయి, పైకి బాగానే ఉంది. గోరు పెట్టి పక్కకి లాగితే రబ్బరు మీద సన్నటి పగుళ్లు, ఎండిపోయిన చెరువు మట్టిలా. ఇలాంటి టైరు వైజాగ్ ఎండలో హైవే మీద పేలదని ఎవరు చెప్పగలరు? గాడుల్లో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, చట్టం ఒప్పుకునే కనీసం లోతు 1.6 మిల్లీమీటర్లు, టైరు అరిగి ఆ దిమ్మెల దాకా వచ్చిందంటే పని అయిపోయినట్టే. ఆ బండి వద్దన్నాను.

స్టెప్నీ చూడటం ఎవరూ గుర్తుంచుకోరు. డిక్కీలో చాప ఎత్తి వేలితో నొక్కండి, గాలి ఉందా. జాకీ, వీల్ పానా ఉన్నాయా. వీలైతే ఒక నట్టు మీద పానా పెట్టి కదులుతుందో లేదో చూడండి. మన సముద్రం గాలికి నట్లు తుప్పు పట్టి కరుచుకుపోతాయి, ఘాట్ మధ్యలో దాని మీద ఎక్కి గెంతినా రావు. తుప్పు అంటే గుర్తొచ్చింది, బీచ్ దగ్గర రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే బ్రేకు డిస్కుల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది, మొదట్లో గరగరమంటుంది. రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. తలుపుల కింద అంచులు, సైలెన్సర్ చుట్టూ పెచ్చులు ఊడుతుంటే మాత్రం అది ముసలి బండి, ఓనరు ఎన్ని చెప్పినా.

లోపల కూర్చుని తాళం తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా. డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి, కాసేపటికి కొన్ని ఆరాలి. ఇక్కడ జాగ్రత్త. వెలిగి ఆరకపోతే సమస్య అని అందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే అది ఇంకా పెద్ద సమస్య, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ లైటు. ఎక్కడో కనెక్షన్ పీకేసి ఉండొచ్చు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు కూడా అంతే.

ఇప్పుడు స్టార్ట్ చేసి ఏసీ పెట్టండి, అయిదు నిమిషాలు అలాగే ఉంచండి, ఈలోపు మిగతావి. ఏసీ చల్లగా ఉంది కానీ గాలి రావట్లేదు అంటే గ్యాస్ కాదు, లోపలి ఫిల్టరు మూసుకుపోయింది. పోర్టు వైపు ఇళ్లవాళ్లకి తెలుసు ఆ నల్ల దుమ్ము సంగతి, కిటికీ మీద వేలు పెడితే కాటుక పెట్టినట్టు ఉంటుంది. ఆ దుమ్మే కారు ఫిల్టరులోకీ పోతుంది, మార్చేవాళ్లు తక్కువ. వైపర్లకి నీళ్లు కొట్టి ఒకసారి తిప్పండి, ఎండకి రబ్బరు గట్టిపడితే గీతలు గీస్తుంది. లంబసింగి తెల్లవారుజామున వెళ్లేవాళ్లు హెడ్‌లైట్లు గోడ మీద వేసి చూడండి, ఒకటి ఆకాశానికి ఒకటి నేలకి చూస్తుంటే మంచులో ఏమీ కనిపించదు.

సీటు బెల్టు ఒకటి పూర్తిగా చివరిదాకా లాగండి. బెల్టు పనిచేస్తుందా అనే కాదు. బురద నీళ్లలో మునిగిన బండి అయితే సీట్లు మారుస్తారు, చాపలు మారుస్తారు, సెంటు కొడతారు, బెల్టు లోపలి చివర మాత్రం మరిచిపోతారు. అక్కడ మట్టి గీత ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వరదకి బండ్లు ఎన్ని మునిగాయో చూశాం కదా, అవన్నీ గాల్లో కలిసిపోలేదు, ఎక్కడో ఒక చోట తిరుగుతూనే ఉంటాయి. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. వెనక సీటు బెల్టులు సీటు కిందికి తోసేసి ఉంటే బయటికి తీయించండి, వెనక కూర్చున్నవాళ్లు పెట్టుకోకపోయినా 1000 రూపాయలు జరిమానా.

క్లచ్ చూడటానికి ఒక్కసారి, ఒక్కసారే, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా ఊరికే తిరుగుతూ ఉంటే ప్లేటు అరిగిపోయింది, ఆ బండితో కొండ ఎక్కొద్దు. ఇది తెలిసి ఉంటే పోయిన డిసెంబర్‌లో మా అక్క చేతిలో అన్ని మాటలు పడేవాణ్ణి కాదు.

చివరగా పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల అంకె రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. అదీ పంపేయండి.

నచ్చకపోతే ఎలా చెప్పాలి

ఇక్కడే మనవాళ్లు మెత్తబడిపోతారు. డబ్బులు కట్టేశాం, పిల్లలు ఎదురు చూస్తున్నారు, ఎందుకులే గొడవ అని. పైన చెప్పిన 2317 టైరు బండి దగ్గర జరిగింది చెప్తాను.

"తమ్ముడూ, ఈ టైరు ఎనిమిదేళ్లది. దీంతో ఘాట్‌కి వెళ్లలేను."

"ఏటీ కాదు సార్, నిన్ననే అరకు ఎల్లొచ్చింది."

"వెళ్లొచ్చిందేమో. ఫొటో మీ సార్‌కి పంపాను. టైరు మార్చైనా ఇవ్వమను, వేరే బండైనా ఇవ్వమను, లేదంటే డబ్బులు వెనక్కి. నేను ఇక్కడే కూర్చుంటాను."

అరవలేదు, కోప్పడలేదు. నలభై నిమిషాలకి వేరే బండి వచ్చింది. అందుకే బయల్దేరే టైమ్‌కి గంట ముందు బండి రప్పించుకోమనేది. ఆలస్యం అవుతుందన్న టెన్షన్ మీకు లేకపోతే బేరం మీ చేతిలో ఉంటుంది.

రోడ్డు మీద

ఎస్.కోటలోనే ట్యాంకు నింపుకోండి, పైన బంకు కోసం వెతుక్కోవద్దు. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, నిండా మనుషులుంటే వేరే అంకె ఉంటుంది, అది చూసి పట్టించండి. బాగా ఎత్తున్న చోట ఏసీ ఆపేస్తే బండి తేలికపడుతుంది, కిటికీలు దించుకోండి, గాలి బాగుంటుంది కూడా. కోతులు కనిపిస్తే మాత్రం ఎత్తేయండి.

దిగేటప్పుడే అసలు పరీక్ష. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిల్చే తెలివితేటలు ఇక్కడొద్దు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి దిగితే వేడెక్కి పట్టు తప్పుతుంది. బ్రేకు మెత్తగా లోపలికి పోతున్నట్టనిపించినా, వాసన వచ్చినా వెడల్పు చోటు చూసి ఆపి అరగంట టీ తాగండి. వేడి చక్రం మీద నీళ్లు పోయకండి.

బీచ్ దగ్గర ఇసకలోకి దించకండి. చెప్పినా దించుతారు, తెలుసు.

బండి ఆగిపోతే ముందు ఓనరుకి ఫోన్, వెంటనే ఫొటోతో మెసేజ్. సిగ్నల్ లేకపోయినా మెసేజ్ పెట్టి ఉంచండి, దొరికినప్పుడు వెళ్తుంది, మెసేజ్ మీద టైమ్ ఉంటుంది. వాళ్లు సరే అని రాసే దాకా మెకానిక్ చేత విప్పించకండి, విప్పితే నేరం మీ మీదికి వస్తుంది. జాతీయ రహదారి మీద అయితే 1033, ప్రమాదం అయితే 112.

తిరిగి ఇచ్చేటప్పుడు

మళ్లీ వెలుతురులో, మళ్లీ వీడియో, మొదటిసారి తీసిన దారిలోనే. పెట్రోలు అదే గీత దాకా. టోల్ డబ్బులు ఫాస్టాగ్‌లోంచి కొన్నిసార్లు ఆలస్యంగా కోస్తారు, చలానాలు ఇంకా ఆలస్యంగా వస్తాయి, వాటి పేరు చెప్పి డిపాజిట్ మొత్తం ఆపుతామంటే ఎన్ని రోజులో రాయించుకోండి. "చూసి వేస్తాం సార్" అనేది తేదీ కాదు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, వీడియోలూ మెసేజ్‌లూ అప్పుడు పనికొస్తాయి. ఆ నంబరుకి ఫోన్ చేశానని ఓనరుకి ఒక మెసేజ్ పెట్టండి చాలు, సగం కేసుల్లో సాయంత్రానికి డబ్బులు పడతాయి, కనీసం మా ఫ్రెండ్స్ ఇద్దరికి పడ్డాయి.

మీ అభిప్రాయం రాస్తే బండి నంబరులో చివరి నాలుగంకెలు, ఏ నెలలో తీసుకున్నారు, ఏం పాడైంది, చెప్పాక ఏం చేశారు, ఇవి రాయండి. మా బావ "వేస్ట్ బండి, వేస్ట్ సర్వీస్" అని రాసి ఒక నక్షత్రం ఇచ్చాడు. డిక్కీ చిన్నదా, క్లచ్ పోయిందా, వైపర్ పనిచేయలేదా, చదివినవాడికి ఏం తెలుస్తుంది?

అన్నట్టు, దిగే ముందు పాటల స్క్రీన్‌లోకి వెళ్లి మీ ఫోన్ పేరు తీసేయండి. మేం తెచ్చిన ఆ ఏడు సీట్ల బండిలో పదకొండు ఫోన్లు ఉన్నాయి, ఒకదానికి కాంటాక్ట్‌లన్నీ ఎక్కి ఉన్నాయి, "అమ్మ కొత్త నంబర్" దగ్గర్నుంచి "పాలవాడు" దాకా. బావ సరదాకి పాలవాడికి ఫోన్ చేద్దామన్నాడు. అక్క చెయ్యి మీద ఒక్కటిచ్చింది.